పదహారో కిలోమీటరు దగ్గర కాళ్లు మొండికేస్తే: రెండో హాఫ్ మారథాన్‌కు ముందు సరిచేసుకోవాల్సినవి

నా మొదటి హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్ల పరుగు, హైదరాబాద్‌లో, ఆగస్టులో. పదహారో కిలోమీటరు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతూ పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాను. పక్క లేన్‌లో పాల క్యాన్లతో పోతున్న పెద్దాయన స్కూటర్ ఆపి, "ఏం బాబూ, బండి చెడిపోయిందా?" అన్నాడు. చెడిపోయింది నేనే. మొత్తానికి 2 గంటల 49 నిమిషాలకు చేరాను.

మళ్లీ పేరు ఇచ్చేముందు వాచ్‌లోనో ఫోన్‌లోనో ఉన్న పాత రికార్డు తెరిచి, ఏ కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో పరుగెత్తారో చూడండి. చాలా జబ్బులు అక్కడే బయటపడతాయి.

సమస్య: 15 కిలోమీటర్లు దాటాక ఒక్కసారిగా శక్తి అయిపోయింది

దీనికి కారణాలు మూడు. ఏది మీదో తేల్చుకోకుండా "ఇంకా ఎక్కువ పరుగెత్తాలి" అనుకుంటే మళ్లీ అదే ఫ్లైఓవర్ దగ్గర ఆగుతారు.

మొదటి 5 కిలోమీటర్లు మిగతావాటికన్నా బాగా వేగంగా ఉంటే, తప్పు స్టార్టింగ్‌లోనే జరిగింది. నాది ఇదే. తొలి ఐదూ కిలోమీటరుకు 6:20 (6 నిమిషాల 20 సెకన్లు) చొప్పున, చివరి ఐదూ 9:40 చొప్పున. డప్పులు, చీకటి, చుట్టూ జనం, ఆ ఊపులో కాళ్లు మన మాట వినవు. ఈసారి తొలి 3 కిలోమీటర్లు టార్గెట్ కన్నా 15-20 సెకన్లు నెమ్మదిగా పోండి. రెండున్నర గంటల్లో ముగించాలంటే సగటున కిలోమీటరుకు 7:06 పడుతుంది. అంటే మొదట్లో 7:25 చాలు. జనం దాటుకుని పోతుంటే పోనివ్వండి.

స్ప్లిట్స్, అంటే ఒక్కో కిలోమీటరుకు పట్టిన సమయాలు, సమానంగానే ఉండి, తల తేలిపోయి, వేగం ఒక్కసారిగా పడిపోతే ఎక్కువగా తిండి లోపమే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం) అంతసేపు సరిపోలేదు. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి. ఒక మోస్తరు అరటిపండులో దాదాపు 25 గ్రాములుంటాయి. ఆకలయ్యేదాకా ఆగకుండా 40వ నిమిషం నుంచే మొదలుపెట్టాలి. ఖర్జూరమైనా జెల్ (పరుగులో మింగే చక్కెర పేస్ట్) అయినా ముందు లాంగ్ రన్‌లో, అంటే వారానికోసారి చేసే దూరపు పరుగులో, పొట్టకు అలవాటు చేయండి. దారిలో చేతికిచ్చిన జెల్‌ను మొదటిసారి అక్కడే మింగితే టాయిలెట్ వెతుక్కోవాల్సి రావచ్చు.

ఊపిరి బాగానే ఉండి తొడలు మాత్రం రాళ్లయిపోయాయంటే, లాంగ్ రన్స్ తక్కువయ్యాయి. వారానికి కిలోమీటరు, కిలోమీటరున్నర పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తూ 18 దాకా వెళ్లండి. చివరి పెద్ద పరుగు రేసుకు రెండు మూడు వారాల ముందే అయిపోవాలి. వేగం ఎంతంటే, పక్కవాడితో రాజకీయాలు మాట్లాడగలిగినంత. చాలామంది ఈజీ రన్స్‌ను, అంటే మధ్యలో చేసే నెమ్మది పరుగులను, కూడా పోటీలాగే పరుగెత్తి ఆదివారం లాంగ్ రన్ నాటికి అలసిపోతారు.

సమస్య: పిక్కలు పట్టేశాయి

అందరూ ఉప్పు తక్కువైందంటారు. కొంత నిజమే కావచ్చు కానీ, ప్రాక్టీసు చేయని వేగంతో, ప్రాక్టీసు చేయని ఎత్తు ఎక్కడమే ఎక్కువసార్లు అసలు కారణం. వారానికోసారి ఏదైనా ఎత్తు రోడ్డు మీద నాలుగైదుసార్లు ఎక్కి దిగండి. మెట్టు అంచున నిలబడి మడమలు పైకి లేపి దించడం, పళ్లు తోముకుంటూ చేసినా లెక్కే. గాలిలో తేమ ఎక్కువున్న రోజు చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. ఆ రోజు టైమ్ మీద ఆశ వదులుకోవాలి. పట్టేసిందని లీటర్లకొద్దీ ఉత్త నీళ్లు తాగకండి, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి.

సమస్య: మోకాలి నొప్పి

బయటివైపు పోటు, ముఖ్యంగా దిగుడులో ఎక్కువైతే, తొడ బయటివైపు తుంటి నుంచి మోకాలి దాకా ఉండే గట్టి పట్టీ లాంటి ఐటీ బ్యాండ్‌ను అనుమానించాలి. చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే ఎక్కువైతే అది వేరు. రెండింటికీ మూలం తరచూ ఒకటే: దూరం ఒక్కసారిగా పెంచడం, తుంటి కండరాలు బలహీనంగా ఉండటం. దూరం తగ్గించి, వారానికి రెండుసార్లు స్క్వాట్లు, ఒంటికాలి వ్యాయామాలు చేయండి. కుంటుతూ పరుగెత్తాల్సి వస్తే ఆ రోజుకి ఆపేయండి. ముంగాలి ఎముక మీద ఒకేచోట వేలు పెడితే ప్రాణం పోతోందా, రాత్రిళ్లూ నొప్పేనా? డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు.

చిన్నవి

కాలిగోరు నల్లబడితే షూ అర సైజు పెద్దది తీసుకోండి. తొడలు ఒరుసుకుంటే వ్యాసెలిన్. డొక్కలో పోటొస్తే నెమ్మదించి, ఊపిరి పూర్తిగా బయటకు వదలండి.

నెల ఎంచుకునే వీలుంటే రెండోది చలికాలంలో పెట్టుకోండి. నేను డిసెంబరుది తీసుకున్నాను, ఇంకా ఆరు వారాలుంది. మొన్న ఆదివారం 15 కిలోమీటర్లు పూర్తిచేశాను. వాచ్ చూస్తే మొదటి రెండు కిలోమీటర్లూ మళ్లీ తొందరే.