రౌడీషీట్ మూసేయమని దరఖాస్తు: హైదరాబాద్‌లో ఎవరికి, ఎట్లా పెట్టుకోవాలి

సికింద్రాబాద్‌లో మా చర్చి తరఫున శనివారం సాయంత్రాలు, గ్యాంగుల నుంచి బయటపడదామనుకునే పిల్లలతో కూర్చుంటాను. మేం దాన్ని పరిచర్య అంటాం. వచ్చేవాళ్లను ఏ మతమని అడగం. ఛాయ్ తాగుతూ నాలుగు మాటలయ్యాక దాదాపు ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "అన్నా, షీట్ పోతదా?"

పోతుంది. దాన్ని తెరవడానికి ఒక అధికారి ఆదేశం కావాల్సి వచ్చింది, మూయడానికీ ఒక అధికారి ఆదేశం చాలు. అయితే మీసేవలో దీనికంటూ అచ్చు ఫారం ఉండదు. తెల్లకాగితం మీద అర్జీ రాసుకోవాలి, దానికి కాగితాలు జతచేయాలి. ఆ కాగితాలు కూడగట్టడమే అసలు పని. దరఖాస్తుకు ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. షీట్ కొట్టేయిస్తానని డబ్బులడిగే దళారీలు అడ్డాల దగ్గరే తిరుగుతుంటారు, వాళ్లకు ఇవ్వకండి. ఆఫీసులో ఉన్నవాళ్లే లంచం అడిగితే ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064.

కేసు వేరు, షీట్ వేరు

చాలామంది ఇక్కడే పొరబడతారు. కేసు కోర్టులో నడుస్తుంది, షీట్ అంటే పోలీసులు కన్నేసి ఉంచాలనుకున్నవాళ్ల మీద తెరిచే కాగితం, అది పోలీస్ స్టేషన్ రికార్డులో ఉంటుంది. కోర్టు కేసు కొట్టేసినంత మాత్రాన షీట్ దానంతట అది మూతపడదు. నాకు తెలిసిన ఒక అబ్బాయి కేసు గెలిచి మూడేళ్లయింది. ఏసీ రిపేరు పని నేర్చుకున్నాడు, పెళ్లి కూడా అయింది. అయినా గణేశ్ నిమజ్జనం ముందు ఒకసారి, ఎన్నికల ముందు ఒకసారి స్టేషన్‌కు పిలిచి కూర్చోబెట్టేవాళ్లు. "కోర్టు ఇడిసిపెట్టింది గద సార్" అంటే, "షీట్ ఉన్నది గద" అనేవాళ్లు. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఆ మూడేళ్లలో షీట్ మూసేయమని అర్జీ పెట్టుకోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ పెట్టలేదు.

షీట్‌కు ఆధారం పోలీస్ మాన్యువల్‌లోని స్టాండింగ్ ఆర్డర్ 601. శాంతికి భంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవాళ్లు, బైండోవర్ అయినవాళ్లు (గొడవలకు పోనని బాండు రాసిచ్చినవాళ్లు), ఆడపిల్లలను అలవాటుగా వేధించేవాళ్లు, బెదిరించి వసూళ్లు చేసేవాళ్లు, ఇట్లా కొన్ని వర్గాలను అందులో రాశారు. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) తనంతట తాను షీట్ తెరవలేరు, ఏసీపీ గానీ డీసీపీ గానీ ఆదేశం ఇవ్వాలి. ఇందులో పట్టుకోవాల్సిన మాట "అలవాటుగా". ఒకటి రెండు కేసుల్లో పేరున్నంత మాత్రాన అలవాటైన నేరస్తుడు అనలేమని 1987లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా అదే దారిలో తీర్పులు వచ్చాయి.

స్టాండింగ్ ఆర్డర్ 602 ఇంకా ముఖ్యం. తెరిచిన షీట్ డిసెంబరు ఆఖరు దాకానే నడుస్తుంది. ఆ తర్వాత కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఆదేశం తీసుకోవాలి. అంటే ఏటా దీన్ని చూసి నిర్ణయించాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంది. అందుకే అక్టోబరులోనో నవంబరు మొదట్లోనో అర్జీ పెట్టమని మా పిల్లలకు చెప్తుంటాను. ఎట్లాగూ ఫైలు తెరవాల్సిన వేళకు మన కాగితం అందులో ఉండాలి. మిగతా నెలల్లో పెట్టకూడదని కాదు. అప్పుడప్పుడు రౌడీ మేళా అని పిలిచి, నడవడిక మారినవాళ్ల షీట్లు మూసేస్తుంటారు. అటువంటిది జరుగుతోందని తెలిస్తే కాగితాలన్నీ పట్టుకుని వెళ్లండి, మీ పేరు పిలిచే దాకా ఆగొద్దు.

ఎప్పుడు పెడితే పని అవుతుంది

కేసులన్నీ ముగిసి, కొన్నేళ్లుగా కొత్త కేసు లేకపోతే అర్జీకి బలం ఉంటుంది. ఐదేళ్లు కేసు లేదు కాబట్టి మూసెయ్యాల్సిందే అని వాదించడం మాత్రం కుదరదు. ప్రవర్తన వల్ల ఇంకా ముప్పుందని అధికారి అనుకుంటే కొనసాగించే వీలు 602లోనే ఉంది. విచారణ నడుస్తున్న కేసు ఉంటే ముందు దాని సంగతి చూడండి. బైండోవర్‌లో ఉంటే గడువు తీరనివ్వండి. ఇప్పటి చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 126 కింద రాయించుకున్న బాండు ఏడాదికి, 129 కింద రాయించుకున్నది మూడేళ్లకు మించదు. ఆ గడువులో చిన్న గొడవలో పేరు వచ్చినా బాండు పోయే ప్రమాదం ఉంది, చేసుకున్న ప్రయత్నమంతా మళ్లీ మొదటికొస్తుంది.

కాగితాలు

ముందుగా మీ మీద ఎన్ని కేసులున్నాయో మీకు తెలియాలి. నవ్వొచ్చే మాట కాదు. ఏ గొడవలో ఎఫ్‌ఐఆర్ అయిందో, ఎందులో పేరు తీసేశారో చాలామంది పిల్లలకు నిజంగా తెలియదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు పెట్టి వెతకొచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, దాన్ని రాసిపెట్టుకోండి. షీట్ ఎప్పుడు, ఎవరి ఆదేశంతో తెరిచారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద ఏసీపీ ఆఫీసుకు అర్జీ పెట్టండి. 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు గానీ పోస్టల్ ఆర్డర్ గానీ చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు దాని జిరాక్స్ జతచేస్తే ఆ పదీ అక్కర్లేదు.

తర్వాత ప్రతి కేసు తీర్పుకూ సర్టిఫైడ్ కాపీ తీయించండి. అది కోర్టులోని కాపీయింగ్ సెక్షన్‌లో దొరుకుతుంది. నగరంలో క్రిమినల్ కేసులు ఎక్కువగా నాంపల్లి కోర్టుల్లోనే ఉంటాయి. మామూలు జిరాక్సు పెడితే పక్కన పడేస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు (రాజీ తీర్పు) కాపీ కావాలి. ఆధార్, ఇంటి చిరునామాకు కరెంటు బిల్లు ఎట్లాగూ అడుగుతారు.

ఇక మీ ఇప్పటి బతుకును చూపించే కాగితాలు. నా దృష్టిలో ఫైలును కదిలించేవి ఇవే. "ఇతని నడవడిక మంచిది" అని రాసే కార్పొరేటర్ లెటర్ కన్నా, ఆరు నెలలు వరసగా జీతం పడ్డ బ్యాంకు పాస్‌బుక్ మేలు. పని నేర్పిన మేస్త్రీ తన సొంత మాటల్లో, ఎన్నో నెల నుంచి వస్తున్నాడో, షాపు తాళం ఇచ్చి పంపుతున్నాడా లేదా అన్నది రాసిస్తే ఇంకా మేలు. ఆ ఏసీ రిపేరు అబ్బాయికి వాళ్ల మేస్త్రీ నోట్‌బుక్ కాగితం మీద రెండే వాక్యాలు రాసిచ్చాడు: "రెండేళ్ల సంది నా తాన పని చేస్తుండు. పైసల సంచి ఇచ్చి పంపిస్త." ఆ ఫైల్లో నాకు బాగా గుర్తుండిపోయిన కాగితం అదే. అధికారి మీద కూడా అదే పనిచేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

చదువు ఆగిపోయినవాళ్లు తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో చేరొచ్చు. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి, 15 నిండితే ఇంటర్‌కు చేర్చుకుంటారు. పని నేర్చుకోవాలంటే మల్లేపల్లి ఐటీఐ ఉంది, 1978 నుంచి నగర యువతకు తక్కువ ఫీజుతో శిక్షణ ఇస్తున్న సెట్విన్ ఉంది. చేరిన రోజు ఇచ్చే రసీదు కూడా ఫైల్లో పెట్టండి. లాస్ ఏంజిలెస్‌లో గ్యాంగుల పిల్లల కోసం 1988లో ఒక జెసూట్ ఫాదర్ మొదలుపెట్టిన పని, ఇప్పుడు హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్ అని పెద్ద సంస్థ అయింది. వాళ్లూ బోధనతో ఆగలేదు. బడి, ఉద్యోగం చూశారు, 1992లో బేకరీ పెట్టి పాత శత్రువులను ఒకే చోట పనిలో నిలబెట్టారు. మన దగ్గర అంత పెద్దది లేకపోయినా, ఒక మెకానిక్ షాపు ఓనరు ఒక్క పిల్లగాణ్ని పెట్టుకుంటే అదీ ఆ పనే.

అర్జీ ఎట్లా రాయాలి

డీసీపీ గారి పేరిట, మీ స్టేషన్ ఎస్‌హెచ్‌ఓ ద్వారా అని రాయండి. ముందు మీ ఇల్లు ఏ కమిషనరేట్, ఏ జోన్ కిందికి వస్తుందో చూసుకోండి. హద్దులు మారుతుంటాయి. మేం రాయించే అర్జీ ఇట్లా ఉంటుంది:

"గౌరవనీయులైన డీసీపీ గారికి, ... జోన్. విషయం: నా పేరిట ఉన్న రౌడీషీట్ మూసివేత గురించి. అయ్యా, నా పేరు ..., తండ్రి పేరు ..., వయసు ..., ఇంటి నంబరు .... ... పోలీస్ స్టేషన్‌లో నా మీద రౌడీషీట్ ఉంది. నా మీద మొత్తం రెండు కేసులు నమోదయ్యాయి. క్రైం నంబరు ... లో ... తేదీన కోర్టు నన్ను నిర్దోషిగా విడుదల చేసింది. క్రైం నంబరు ... కేసు ... తేదీన లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ తర్వాత నా మీద ఏ కేసూ లేదు. ... నెల నుంచి ... వద్ద ఏసీ మెకానిక్‌గా పనిచేస్తూ భార్యను, తల్లిని పోషించుకుంటున్నాను. స్టాండింగ్ ఆర్డర్ 602 ప్రకారం నా షీట్‌ను సమీక్షించి మూసివేయాలని, ఆ ఆదేశం కాపీ నాకు ఇప్పించాలని కోరుతున్నాను."

ఒక పేజీ దాటనివ్వకండి. పోలీసులు అన్యాయంగా ఇరికించారని ఇందులో రాయొద్దు. అది నిజమే అయినా చెప్పుకోవాల్సిన చోటు కోర్టు. ఒక్క కేసు కూడా దాచొద్దు. స్టేషన్ కంప్యూటర్‌లో అన్నీ కనిపిస్తాయి, మీరు వదిలేసిన ఆ ఒక్కటే పట్టుకుంటారు.

ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

రెండు సెట్లు తీసుకెళ్లి ఒకటి ఇవ్వండి. రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఒక స్టేషన్‌లో మాకు ముద్ర వేయనన్నారు. ఆ అబ్బాయి తల్లి ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని రెండు గంటలు బెంచీ మీదే కూర్చుంది. చివరికి డీసీపీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, అందినట్టు వచ్చిన కార్డే మాకు రుజువైంది. మీకూ అట్లా జరిగితే వాదనకు దిగకండి, పోస్టాఫీసుకు నడవండి.

ఆ తర్వాత విచారణకు వస్తారు. ఇంటి చుట్టుపక్కల, పనిచేసే చోట అడుగుతారు. ఓనరుకు ముందే చెప్పి ఉంచండి, యూనిఫాం చూసి కంగారుపడి పనిలోంచి తీసేసినవాళ్లున్నారు. ఎస్‌హెచ్‌ఓ రిపోర్టు ఏసీపీకి, అక్కడినుంచి డీసీపీకి వెళ్తుంది. స్టేషన్‌కు పిలిచినప్పుడు పిల్లవాణ్ని ఒంటరిగా పంపకండి. పాస్టరో, ఇమామో, బడి టీచరో, మేనమామో, పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి "ఇతను నాకు తెలుసు" అనగలిగే పెద్దమనిషి పక్కన ఉండాలి. ఇది ఏ ఆర్డర్‌లోనూ రాసి ఉండదు. కానీ గ్యాంగులో చేరినప్పుడు ఆ పిల్లవాడి వెనక ఎవరూ లేరు, అందుకే అక్కడికి వెళ్లాడు. ఇప్పుడు ఒకరున్నారని అధికారికి కనిపించాలి, అంతకన్నా ఎక్కువగా ఆ పిల్లవాడికే కనిపించాలి.

ఈలోగా అర్ధరాత్రి తలుపు కొట్టి ఇంట్లోకి వస్తే, అట్లాంటి రాత్రి తనిఖీలు చెల్లవని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962 డిసెంబరులోనే తీర్పిచ్చిందని గుర్తుంచుకోండి. తలుపు దగ్గర గొడవ పడకండి. తేదీ, సమయం రాసిపెట్టి లాయర్‌కు ఇవ్వండి.

రెండు నెలలు దాటినా జవాబు రాకపోతే ఒక రిమైండర్ పంపండి. కాదన్నా, పలకకపోయినా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. లాయర్ ఫీజు కట్టలేమని ఆగకండి. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవా సదన్‌లో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది.

నేరం నాటికి 18 నిండకపోతే

వీళ్ల దారి వేరు, చట్టం వీళ్ల పక్షాన గట్టిగా నిలబడింది. 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 24 ప్రకారం ఆ వయసులో చేసిన తప్పు వల్ల తర్వాత ఏ అనర్హతా రాకూడదు. రికార్డు కూడా నాశనం చేయాలి. కేంద్ర నమూనా నియమాల్లో అప్పీలు గడువు దాకా లేదా ఏడేళ్ల దాకా ఉంచొచ్చని ఉంది, ఆపైన కాదు. 16 దాటి అతి తీవ్ర నేరంలో పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్నవాళ్లకే మినహాయింపు. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ఆ వివరాలు పోలీసులు బయటపెట్టకూడదని సెక్షన్ 74 చెబుతుంది.

కాబట్టి కేసు నడిచిన జువెనైల్ జస్టిస్ బోర్డుకే అర్జీ పెట్టి, రికార్డు నాశనానికి ఆదేశం అడగండి. ఆ కాపీని డీసీపీకి పెట్టే అర్జీకి జతచేయండి. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన నాటి వయసు, అరెస్టయిన నాటిది కాదు. పెద్దవాడిగా రాసి కేసు నడిపేసినా, తీర్పు వచ్చేసినా, అప్పటికి మైనర్‌నని ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. వయసుకు ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే మున్సిపల్ బర్త్ సర్టిఫికెట్. ఐదో తరగతిలోనే మానేసినవాళ్లు ఆ బడికి వెళ్లి రికార్డ్ షీట్ (పుట్టిన తేదీ ఉండే బడి సర్టిఫికెట్) అడగండి. బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. బియ్యం డబ్బాలో దాచిన రికార్డ్ షీట్ ఒకటి ఒక పిల్లవాణ్ని పెద్దల కోర్టు నుంచి తప్పించడం నేను చూశాను.

నేరంతో సంబంధం లేని పిల్లల వివరాలు, ఇంటివాళ్లవైనా సరే, హిస్టరీ షీట్లలో (రౌడీషీట్ లాంటి పోలీసు రికార్డుల్లో) రాయకూడదన్నది ఇప్పుడు స్పష్టం. ఢిల్లీ ఎమ్మెల్యే ఒకరి కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి, మిగతా రాష్ట్రాలూ దీన్ని పరిశీలించాలంది. మీ షీట్‌లో మీ పిల్లల పేర్లుంటే, తీసేయమని అదే అర్జీలో ఒక వాక్యం రాయండి.

మూసేశామని నోటితో చెబితే తృప్తిపడి వచ్చేయొద్దు. ఆదేశం కాపీ చేతిలో పడాలి. దాన్ని లామినేషన్ చేయించి అసలుది ఇంట్లో పెట్టండి, జిరాక్సు జేబులో ఉంచుకోండి, ఒక ఫొటో ఫోన్‌లో దాచండి. పాత లిస్టు పట్టుకుని కొత్తగా వచ్చిన బీటు కానిస్టేబుల్ మళ్లీ తలుపు కొడతాడు. అది చూపించి, ఆదేశం నంబరు, తేదీ రాసుకోమని చెప్పండి.