మోడలర్‌లో మార్షల్ మోత: ఎలా తెప్పించాలి?

రాయగడ నుంచి గుణుపురం, పర్లాకిమిడి మీదుగా బరంపురం దాకా ఏ మెలోడీ స్టేజీ ఎక్కి చూసినా, ఏ చర్చి పాటల బృందం పక్కన నిలబడినా గిటారిస్టు కాళ్ల దగ్గర ఒక మోడలర్ (మార్షల్ లాంటి గిటారు ఆంప్‌ల మోతని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) కనిపిస్తోంది. మంచిదే. అసలు ట్యూబ్ ఆంప్‌లో ఈఎల్34 ట్యూబు పోతే మన ఊళ్లలో కొందామన్నా దొరకదు. వంద వాట్ల ఆంప్ హెడ్డూ నాలుగు స్పీకర్ల క్యాబినెట్టూ ఆటోలో ఎక్కించి ఘాటీ రోడ్డు మీద తిప్పే ఓపిక ఎవరికీ లేదు. జనరేటర్ మీద వోల్టేజీ ఊగితే ట్యూబ్ ఆంప్ టోన్ కూడా దానితో పాటే ఊగుతుంది. అందుకని మోడలర్ కొనడంలో తప్పేం లేదు, వాడే పద్ధతే దారుణం. 'బ్రిట్' అని రాసున్న ప్రీసెట్ పట్టుకోవడం, గెయిన్ (గరుకు పెంచే నాబ్) పదికి తిప్పడం, డబ్బాలో కందిరీగలు పోసి ఊపినట్టు మోత వచ్చాక "డిజిటల్ అంటే ఇంతేలే" అనేయడం. అది నిజం కాదు. సరిగ్గా సెట్ చేస్తే, మైదానంలో నిలబడి వినేవాడు తేడా పట్టుకోలేడు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గిటారు, కొత్త తీగలు, గరగరమనని కేబుల్. ఆంప్‌ని, క్యాబినెట్‌ని విడివిడిగా మార్చుకోనిచ్చే మోడలర్ ఏదైనా చాలు, లక్షలు పోయక్కర్లేదు. హెడ్‌ఫోన్లు కాకుండా ఒక పవర్డ్ స్పీకర్ (లోపలే ఆంప్ ఉన్నది) మాత్రం ఉండాలి. కొనలేకపోతే సౌండ్ సర్వీస్ వాళ్లనో, చర్చి వాళ్లనో బతిమాలుకుని ఒక మధ్యాహ్నం వాడుకోండి.

ఏ ఆంప్?

బ్రిటిష్ టోన్ (మార్షల్, వాక్స్ లాంటి ఇంగ్లండు ఆంప్‌ల మోత) అంటే ఒక్కటే టోన్ కాదు. లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ కొట్లో 1962లో పుట్టిన జేటీఎం45, అమెరికా ఫెండర్ బేస్‌మ్యాన్ సర్క్యూట్ చూసి కట్టినది. లావుగా, మెత్తగా పలుకుతుంది. 1965లో వచ్చిన మార్షల్ వంద వాట్ల సూపర్ లీడ్‌కి మోడల్ నంబరు 1959. అది సంవత్సరం కాదు, ఆ లెక్కన దాని వయసు కట్టకండి. ముందు పలక ప్లెక్సీగ్లాస్‌తో చేశారు కాబట్టి ప్లెక్సీ అన్న పేరు నిలిచింది. మాస్టర్ వాల్యూమ్‌తో (గరుకు ఉంచి మొత్తం సౌండ్ తగ్గించే నాబ్) బిగువుగా కొరికే జేసీఎం800 ఆ పేరుతో వచ్చింది 1981లో. వాక్స్ ఏసీ30ది వేరే వంశం: నాలుగు ఈఎల్84 ట్యూబులు, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సౌండ్‌లో కొంత వెనక్కి పంపి అదుపు చేసే ఏర్పాటు) లేని పవర్ ఆంప్, తళతళలాడే పై సౌండు. క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే ట్రెబుల్ బూస్టర్ (పై సౌండు పెంచే పెట్టె) తగిలించి వాయించేది దీన్నే.

మోడలర్ కంపెనీలు ఎక్కువగా అసలు పేర్లు వాడవు, మారుపేర్లు పెడతాయి. హీలిక్స్ అనే మోడలర్‌లో ప్లెక్సీ 'బ్రిట్ ప్లెక్సీ' అయింది, ఏసీ30 'ఎసెక్స్ ఏ30' అయింది. మీ పెట్టెలో ఏది ఏదో మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, చూసుకోండి. మొదట నేర్చుకోవాల్సింది మాత్రం ప్లెక్సీ. అది చేతికొస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. ప్రొఫైళ్లు, క్యాప్చర్లు ఇప్పుడే వద్దు. అవి ఒక ఆంప్‌ని ఒక నాబ్ స్థానంలో తీసిన ఫొటోలు. ఫొటోలో నాబ్ తిప్పితే నేర్చుకునేదేముంది?

గెయిన్: సగం దూరంలో ఆగండి

ప్లెక్సీకి మాస్టర్ వాల్యూమ్ లేదు. మోడలర్‌లో మాస్టర్ అని నాబ్ కనిపిస్తే పదికి తెరిచేసి దాని సంగతి మర్చిపోండి. స్పీకర్లో సౌండ్ తగ్గించాలంటే ఛానల్ వాల్యూమ్ ఉంది, అది టోన్‌ని ముట్టుకోదు. పాత రికార్డుల్లో వినిపించే గరుకులో పెద్ద వాటా పవర్ ట్యూబులది. మాస్టర్ మూసేసి గెయిన్ ఒక్కటే పెంచితే ప్రీఆంప్ మాత్రమే అరుస్తుంది, సౌండు పలచబడుతుంది. జేసీఎం800 అయితే మాస్టర్ సగం దగ్గర పెట్టండి చాలు.

డ్రైవ్ (గెయిన్‌కి ఇంకో పేరు) ఐదు, ఆరు మధ్య మొదలుపెట్టండి. బేస్ రెండు, మిడ్ ఏడు, ట్రెబుల్ ఐదు, ప్రెజెన్స్ నాలుగు. మిడ్ తగ్గించిన వాడు స్టేజీ మీద మాయమైపోతాడు, ఇందులో నాతో వాదించకండి. కీబోర్డు, రెండు డోలకులు, ప్యాడ్ మధ్యలో గిటారు వినబడేది ఆ మిడ్ వల్లే. సాగ్ (గట్టిగా మీటినప్పుడు ఆంప్ లోపల వోల్టేజీ కుంగడం) అని నాబ్ ఉంటే ప్లెక్సీకి పెంచకండి. దాని రెక్టిఫయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చేది) సిలికాన్ డయోడ్లది, అంతగా కుంగదు. జేటీఎం45, ఏసీ30ల్లో జీజెడ్34 ట్యూబు ఉండేది కాబట్టి వాటికి కొంచెం పెంచితే అర్థం ఉంది. ఏసీ30లో ఇంకో తిరకాసు: కట్ నాబ్ పెంచేకొద్దీ పై సౌండు తగ్గుతుంది. ట్రెబుల్ కోసం దాన్ని పెంచి, రావట్లేదని ఇంకా పెంచేవాళ్లు చాలామంది.

క్లీన్ (గరుకు లేని సౌండు) కావాలంటే ప్లెక్సీ డ్రైవ్ తగ్గించొద్దు. ఆ ఆంప్ బ్రైట్ ఛానల్లో వాల్యూమ్ నాబ్‌కి అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు ట్రెబుల్ అంతా దానిగుండా దూరి వచ్చేస్తుంది, పెంచేకొద్దీ దాని పెత్తనం పోతుంది. అందుకే డ్రైవ్ రెండు మీద పెడితే చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఆంప్‌ని అక్కడే ఉంచి గిటారు మీది వాల్యూమ్ తగ్గించండి. పల్లవికి ఐదు, సోలోకి పది. పాత కాలం వాళ్లు ఫుట్‌స్విచ్చుల వరస లేకుండా ఒకే ఆంప్‌తో లాక్కొచ్చింది ఇలాగే.

అసలు చిక్కు: క్యాబినెట్టు

ఇక్కడిదాకా ఎవరైనా వస్తారు. పని చెడేది ఇక్కడే. ఆంప్ మోడల్ బాలేదని ఒకటి తీసి ఇంకొకటి పెట్టేవాళ్లంతా నిజానికి స్పీకర్ వల్ల ఏడుస్తున్నారు. దీన్ని తొందరపడి చేయొద్దు, తిండి తిని తీరిగ్గా కూర్చోండి.

ముందు కారణం తెలుసుకోండి. 12 అంగుళాల గిటారు స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే బుస చాలావరకు ఆ పైనే ఉంటుంది, ఆ స్పీకరే దాన్ని మింగేస్తుంది. మన సౌండ్ సర్వీస్ బాక్సుల్లో హారన్ డ్రైవరుంటుంది (పై సౌండు పలికేది), అది ఆ బుసనంతా తీసుకెళ్లి చివరి వరసలో ముసలాయన చెవిలో పోస్తుంది. కాబట్టి గిటారు స్పీకర్ చేసే పని మోడలర్లోనే అయిపోవాలి. క్యాబ్ బ్లాకు (క్యాబినెట్టుని అనుకరించే భాగం) గానీ, ఐఆర్ ఫైలు (అసలు క్యాబినెట్టు మోత తీరుని పట్టి దాచిన ఫైలు) గానీ ఉన్నది అందుకే.

మొదటి జాగ్రత్త సౌండ్ స్థాయి. పక్కనున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సినంత పెట్టండి. తక్కువ సౌండ్‌లో మన చెవి బేస్‌నీ ట్రెబుల్‌నీ సరిగా పట్టుకోదు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. ఇంట్లో మెల్లగా పెట్టుకుని రెండూ పెంచుకుంటారు, మైదానంలో అదే ప్యాచ్ (సేవ్ చేసిన సెట్టింగు) కింద గుమ్ గుమ్మని మోగి పైన కోసేస్తుంది. రాయగడ చైతి మైదానం పక్కన నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు పరుగున వచ్చాడు.

"అన్నా, ఇంట్లో అదిరిపోయింది. ఇక్కడేంటి ఇలా గీరుతోంది?"

"ఇంట్లో ఎప్పుడు సెట్ చేశావు తమ్ముడూ?"

"రాత్రి అందరూ పడుకున్నాక. హెడ్‌ఫోన్లో."

వాడితో మాట్లాడుతూ ఉండగానే మిక్సర్ దగ్గర కుర్చీలో ఉన్నాయన గిటారు ఛానల్ హై నాబ్‌ని బొటనవేలితో పూర్తిగా ఎడమకి తోసేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. గిటారిస్టులంతా ఆయనకి బుసే ఇస్తారు, ఆయన వేలు అలవాటుపడిపోయింది. గిటారు ఊపిరి ఆగిపోయేది అక్కడే.

సరే, పని. ఎఫెక్టులన్నీ ఆపండి. రివర్బ్ కూడా. రివర్బ్ ఉంటే తప్పులు దాక్కుంటాయి. సెలెస్షన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్లున్న నాలుగు పన్నెండ్ల క్యాబ్ (నాలుగు 12 అంగుళాల స్పీకర్లది) ఎంచుకోండి. ప్లెక్సీకి ఇది కాక వేరేది పెట్టేవాడితో నాకు మాటల్లేవు. ఏసీ30కి మాత్రం రెండు పన్నెండ్ల ఆల్నికో బ్లూ. మోడలర్ తెర మీద ఎంచుకునే మైకు ఒక్కటే, షూర్ ఎస్‌ఎం57. దూరం ఒకటి రెండు అంగుళాలు. స్థానం స్పీకర్ మధ్య టోపీ అంచున పెట్టండి, నడిమధ్యలో వద్దు. చాలా ప్రీసెట్లు నడిమధ్యలో పెట్టి ఇస్తాయి. కొట్లో వినగానే మెరుస్తుంది, అమ్ముడుపోతుంది.

ఇప్పుడు ఓపెన్ 'A' కార్డు ఒక్కసారి మీటి, వేళ్లు తీయకుండా ఆగేదాకా వినండి. మీటిన క్షణం కాదు, ఆరిపోయేటప్పటి తోక ముఖ్యం. నోటు వెనకాల ఇసక గీసినట్టు బుస వస్తుంటే మైకుని ఇంకొంచెం అంచుకి జరపండి. ఒక్కసారి కొంచెమే. జరిపి మళ్లీ అదే కార్డు. బుస పోయి, పిక్ తగిలిన చప్పుడు ఇంకా స్పష్టంగా ఉన్న చోటు ఒకటి దొరుకుతుంది. దాన్ని దాటితే దుప్పటి కప్పినట్టవుతుంది, వెనక్కి రండి.

ఆ తర్వాతే హై కట్ (పై సౌండుని కోసేసే ఫిల్టర్). పూర్తిగా తెరిచి ఉంచి పైనుంచి కిందికి రండి, మిగిలిన బుస చచ్చిన చోట ఆగండి. మామూలుగా 6, 7 కిలోహెర్ట్జ్ మధ్య ఆగుతుంది. 5 కన్నా కిందికి పోవాల్సి వస్తోందంటే తప్పు హై కట్‌లో లేదు, మైకు స్థానంలోనో గెయిన్‌లోనో ఉంది. ఫిల్టర్ వాలు పెట్టెకొకలా ఉంటుంది కాబట్టి వేరేవాళ్ల అంకె కాపీ కొట్టకండి. లో కట్ (కింది సౌండుని కోసేది) 90 హెర్ట్జ్ దగ్గర. కింద ఉన్నది బేస్ గిటారు వాడి ఇల్లు, అందులోకి దూరొద్దు.

రెండో మైకు కలిపితే ఇంకా బాగుంటుందని ఒక వాదన ఉంది. స్టూడియోలో సరే. రెండు మైకులు స్పీకర్‌కి వేరు వేరు దూరాల్లో ఉంటే ఒకే సౌండు కాస్త ముందూ వెనకా చేరి, కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. విడివిడిగా రెండూ బాగుంటాయి, కలిపితే డొల్ల. స్టేజీకి ఒక్క మైకే. రెండొందల ఐఆర్‌ల ప్యాకు డౌన్‌లోడ్ చేసి ఒక్కొక్కటే మార్చి వినే జబ్బు కూడా వద్దు. పదోది వినేసరికి మొదటిది ఎలా ఉందో ఎవరికి గుర్తు?

పోల్చడానికి మీకు నచ్చిన రికార్డు అదే స్పీకర్లో, అదే సౌండ్‌లో పెట్టండి. ఒకటి కాస్త గట్టిగా ఉన్నా చెవి దానికే ఓటేస్తుంది, కాబట్టి స్థాయిలు సమానం చేశాకే తీర్పు. ఇంకో మాట: రికార్డులో మీరు విన్నది గదిలో ఆంప్ మోత కాదు, మైకు పట్టిన మోత. మోడలర్ ఇచ్చేదీ అదే. ఆంప్ ముందు నిలబడితే పంట్లాం ఊగినట్టు ఊగట్లేదని తిట్టకండి. మధ్యలో చెవులకి విరామం ఇవ్వండి, మర్నాడు పొద్దున ఇంకోసారి వినకుండా సేవ్ చేయొద్దు.

స్టేజీ మీద

ఇప్పుడు ఎఫెక్టులు కలుపుకోవచ్చు. సోలోకి కొంచెం డిలే చాలు, రివర్బ్ మైదానమే ఇస్తుంది. మిక్సర్‌కో పవర్డ్ స్పీకర్‌కో వెళ్తే క్యాబ్ ఆన్. ఎవరిదైనా గిటారు ఆంప్ వెనకుండే ఎఫెక్ట్స్ రిటర్న్ సాకెట్‌లో పెడితే క్యాబ్ ఆఫ్, లేదంటే క్యాబ్ మీద క్యాబ్ పడి బురద అవుతుంది. ఆంప్ ముందు ఇన్‌పుట్‌లో మాత్రం పెట్టకండి. మిక్సర్‌కి మోనో ఒక్క లైనే ఇవ్వండి, స్టీరియో ఇస్తే వాళ్లు సగం లైన్లు మర్చిపోతారు. ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైకులకి పంపే కరెంటు) ఆపమని అడగండి. మిక్సర్ ఆయన దగ్గరికెళ్లి హై, మిడ్, లో నాబులు మూడూ మధ్యలో పెట్టమని మర్యాదగా చెప్పండి, ఒక కార్డు వాయించి వినిపించండి. హై నాబ్ దగ్గరికి వెళ్లిన వేలు వెనక్కి రావడం మీరే చూస్తారు.

జనరేటర్ మీద 50 హెర్ట్జ్ హమ్ వస్తే డీఐ బాక్సు (మీ లైన్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. మైకు పట్టుకుని పాడేది మీ పక్కవాడే.