అడవిలో ఒంటరిగా ఉండటానికి దుంగల ఇల్లు కట్టుకోవడం ఎలా?

జనసంచారం లేని చలి అడవిలో, సొంత చేతులతో కట్టుకున్న ఇంట్లో ఒంటరిగా ఉండాలనుకునేవారు తిండి గురించీ, క్రూరమృగాల గురించీ ఎక్కువగా ఆలోచిస్తారు. కానీ మనిషిని రెండో శీతకాలానికల్లా అడవి నుంచి వెళ్లగొట్టేది ఇంటి మూలల్లో సరిగా కూర్చోని దుంగలే. ఆ ఒక్క పనిని తొందరగా ముగించి, మిగిలిన సందుల్లో సిమెంటు కూరి, లోపలికి చలిగాలి కొడుతోందని వాపోయేవారిని చాలామందిని చూశాను. అందుకే మిగతా దశలను క్లుప్తంగా చెప్పి, దాని గురించి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ నేల మీద ఇల్లు కట్టడానికీ, చెట్లు కొట్టడానికీ రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. పనిముట్లుగా గొడ్డలి, బాడిస, చేతి రంపం, వెడల్పాటి ఉలి, బెరడు ఒలిచే రెండు పిడుల కత్తి, రసమట్టం, గట్టి తాళ్లు, ఇనుప కొక్కేలు, పదునైన కత్తి, నిటారుగా ఉందో లేదో చూపే రసబుడగ బిగించిన పెద్ద వృత్తలేఖిని (కంపాస్) చాలు. మోటారు రంపం వద్దు. దానికి ఇంధనం మోసుకుపోవడం ఒక బాధ అయితే, గీత దగ్గరికి వచ్చామని చెయ్యి గ్రహించేలోపే అది గీతను దాటిపోవడం అసలు నష్టం. అమెరికాలోని అలాస్కాలో ట్విన్ లేక్స్ అనే సరస్సుల ఒడ్డున రిచర్డ్ ప్రెనెకీ అనే ఆయన 1967లో చెట్లు కొట్టి, బెరడు ఒలిచి, శీతకాలమంతా ఆరనిచ్చి, 1968లో చేతి పనిముట్లతోనే ఇల్లు కట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే గడిపారు. ఆ ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉంది.

లోపలి కొలత పది అడుగులకు పన్నెండు అడుగులు మించకూడదు. ఒక్క పొయ్యితో వెచ్చబడడానికీ, ఒక్క మనిషి దుంగలు ఎత్తడానికీ ఆ పరిమాణం అనువుగా ఉంటుంది. నీటికి దగ్గరగా, వరదకు అందనంత ఎత్తుగా, వాన నీరు నిలవని చోటు చూసుకుని, మూలల కింద పెద్ద రాళ్లు పేర్చాలి. అడుగు దుంగ నేలకు కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి, లేకపోతే తేమ తగిలి కుళ్లిపోతుంది. స్ప్రూస్, పైన్ వంటి నిటారైన చెట్లను ఎంచుకుని, చెట్టులో రసం బాగా పారే వసంతకాలంలో బెరడు ఒలవాలి. అప్పుడు అది పొడవైన పట్టీలుగా ఊడివస్తుంది. బెరడుతోనే వదిలేసిన దుంగలో పురుగు చేరుతుంది. ఒలిచిన దుంగలను నేలకు తగలకుండా, నీడలో, ఒక శీతకాలమైనా ఆరనివ్వాలి. పది అంగుళాల లావున్న పదహారు అడుగుల దుంగ ఆరిన తర్వాత కూడా వంద కిలోలు దాటుతుంది కనుక, గోడకు రెండు వాలు కర్రలు ఆనించి, తాళ్లతో దొర్లిస్తూ పైకి లాగాలి.

ఇక గాడి విషయం, అంటే దుంగ మీద దుంగ సరిగా కూర్చోవడానికి తీసే తొలుపు. పై దుంగ అడుగు భాగంలోనే గాడి తీయాలి. కింది దుంగ వీపు మీద తీసిన గాడి దోసిలిలా వాన నీటిని పట్టి నిలుపుతుంది, మూల అక్కడి నుంచే కుళ్లడం మొదలవుతుంది. పని తేలిక అని పై నుంచి గాడి తీసేవారు ఈ సంగతి తెలియక కాదు, వంగి చూసే ఓపిక లేక అలా చేస్తారు.

దుంగలను పేర్చేటప్పుడు ఒక వరుసలో దుంగ లావైన మొదలు ఎటు ఉంటే, పై వరుసలో సన్నటి కొస అటు రావాలి. అప్పుడే గోడ ఎత్తు రెండు వైపులా సమానంగా పెరుగుతుంది. దుంగను దాని స్థానంలో పెట్టి, కదలకుండా ఇనుప కొక్కేలతో బిగించి, ముందు ఒక ముతక గాడి మాత్రమే తీయాలి. దీనివల్ల దుంగ కిందికి దిగి, కింది దుంగకూ దానికీ మధ్య ఒకటి రెండు అంగుళాల సందు మిగులుతుంది. చాలామంది ఈ ముతక గాడినే సరిచేసుకుంటూ పోయి, దాన్నే చివరి గాడి అనుకుంటారు. పని చెడేది ఇక్కడే.

ఆ సందులో అన్నిటికన్నా వెడల్పైన చోటును కొలిచి, దానికి పావు అంగుళం కలిపి, వృత్తలేఖిని రెండు మొనలనూ అంత దూరంలో బిగించాలి. తర్వాత కింది మొనను కింది దుంగ మీద ఆనించి నడిపిస్తూ, పై మొనతో పై దుంగ మీద గీత గీయాలి. గోడకు లోపలా బయటా, మూలల చుట్టూ, ఒకే బిగింపుతో, ఎక్కడా ఆపకుండా గీయాలి. ఈ నడకంతటిలో రెండు మొనలూ నిట్టనిలువుగా ఒకదాని కింద ఒకటి ఉండి తీరాలి. మూల దగ్గర దుంగ గుండ్రదనాన్ని అనుసరించి మణికట్టు తనంతట తానే తిరుగుతుంది. అలా కాస్త వాలినా గీత తప్పు చోట పడుతుంది, ఆ సంగతి దుంగ దించేదాకా కనబడదు. అందుకే చూపు గీత మీద కాక రసబుడగ మీద ఉండాలి.

గీత వెంబడి ముందు పదునైన కత్తితో లోతుగా కోయాలి. అలా కోస్తే ఉలి దెబ్బకు నార గీత దాటి లేచిపోదు. తర్వాత దుంగను తిరగేసి, మధ్య నుంచి అంచు వైపు కొద్దికొద్దిగా చెక్కాలి. గీతలో సగం చెక్క మీద మిగలాలి. గాడి లోపలి భాగాన్ని కొంచెం గుంటగా తీస్తే బరువంతా అంచుల మీద పడి, అవి కింది దుంగను గట్టిగా పట్టుకుంటాయి. లోపల ఒక్క బొడిపె మిగిలినా దుంగ దాని మీదే నిలబడిపోతుంది. గుంటలో ఎండిన నాచు పరిచి దుంగను దించితే, అంచు దగ్గర కాగితం కూడా దూరకూడదు. దూరితే మళ్లీ ఎత్తి, నలిగి మెరుస్తున్న చోటును చూసి, అక్కడ మాత్రమే చెక్కాలి. రోజుకు ఒకటి రెండు దుంగలు కూర్చుంటే చాలు.

తలుపు, కిటికీల పైన ఖాళీ వదలడం మరవకూడదు. చెక్క పొడవులో దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుపోతుంది. దుంగలు ఆరేకొద్దీ గోడ కిందికి దిగుతుంది. పచ్చి దుంగలకు అడుగుకు ముప్పావు అంగుళం చొప్పున, అంటే ఆరడుగుల తలుపు పైన నాలుగున్నర అంగుళాలు వదలాలి. ఒక శీతకాలం ఆరినవాటికి కూడా నేను అంతే వదులుతాను. ఆ ఖాళీని ఉన్నితో నింపి, పైన పలక కప్పాలి. పలకను గోడకు కొట్టాలే తప్ప ద్వారబంధానికి కొట్టకూడదు.

పైకప్పు చూరు గోడ దాటి రెండడుగులైనా రావాలి. పొయ్యి గొట్టం కప్పును దాటే చోటు నుంచి మూడడుగుల ఎత్తు ఉండాలి, పది అడుగుల లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు ఎక్కువ ఎత్తులో ముగియాలి. పొయ్యి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కనుక దాన్ని పసిగట్టే అలారం పెట్టుకోవాలి. తాగునీటిని తెర్లకాగిన తర్వాత ఒక నిమిషం, రెండు వేల మీటర్లకు పైన ఉంటే మూడు నిమిషాలు కాగనివ్వాలి. ఒంటరిగా ఉన్నప్పుడు అలసిన చేతితో గొడ్డలి పట్టకూడదు.

మొదటి రెండేళ్లు గోడ దిగుతూనే ఉంటుంది. తలుపు బిగుసుకుంటే వెంటనే దాన్ని చిత్రిక పట్టకుండా, పలక తీసి పైనున్న ఖాళీ ఎంత మిగిలిందో చూడాలి. అది మూసుకుపోయి ఉంటే కోయవలసింది దాని పైనున్న దుంగ అడుగును.