పీసీఓఎస్ అనుమానమా? స్కాన్ కంటే ముందు తేదీలు రాయండి

భీమవరమైనా కాకినాడైనా, ఉద్యోగానికి వెళ్లే అమ్మాయికి రెండు నెలలు పీరియడ్ రాకపోతే ముందు స్కాన్ తీయించేస్తారు. రిపోర్టులో అండాశయాల్లో నీటి బుడగలని ఉందా, ఇక పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) అనుకుని ఇంట్లో పెళ్లి, పిల్లలు అంటూ ఒకటే టెన్షన్. నిజానికి అవి గడ్డలు కావు, పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన చిన్న చిన్న అండాల సంచులు, ఏ ఇబ్బందీ లేనివాళ్లకీ కనిపిస్తుంటాయి.

అందుకని ముందు గత ఏడాది పీరియడ్ తేదీలు గుర్తున్నంతవరకు ఫోన్‌లో రాసుకోండి. 35 రోజులు దాటి వస్తోందా, ఏడాదికి 8 సార్ల కంటే తక్కువా? గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, జుట్టు పలచబడటం, వాడుతున్న మందులు కూడా రాయండి. పీసీఓఎస్ అని తేల్చడానికి డాక్టర్లు వాడే 2003 నాటి రాటర్‌డ్యామ్ లెక్క ప్రకారం క్రమం తప్పిన నెలసరి, మగ హార్మోన్లు ఎక్కువైన లక్షణాలు, స్కాన్‌లో బుడగలు, ఈ మూడింట్లో రెండుండాలి. మొదటి రెండూ ఉండి, వేరే కారణం లేదని తేలితే స్కాన్ అక్కర్లేదు. ఆ వేరే కారణాల కోసమే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పరీక్షలు. పీసీఓఎస్ ఉంటే షుగర్ ముప్పూ ఎక్కువే, అందుకని షుగర్‌కి పరగడుపుది ఒక్కటే కాకుండా, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చేసేది అడగండి. సగం రోజు సెలవు పోతుంది, పోనీండి.

అన్నం పూర్తిగా మానేయమనే సలహా మన గోదావరి వాళ్ల దగ్గర నాలుగు రోజులు కూడా నిలవదు. అన్నం సగం చేసి పప్పు, తోటకూర, చేప ముక్కలు పెంచండి, ఇడ్లీ బదులు పెసరట్టు తినండి (ఉప్మా లేకుండానే!). ఆఫీసుకి ఎవరో ఒకరు తెచ్చే కాజాలే అసలు గండం. బరువు ఎక్కువుంటే 5 శాతం తగ్గినా నెలసరి దారిన పడొచ్చు. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ వస్తుంది, వాళ్లకీ నడక కావాలి: వారానికి 150 నిమిషాలు, కాలువ గట్టు మీద చెమట పట్టేలా. బట్టల షాపులో రోజంతా నిలబడటం ఇందులోకి రాదు.

మూడు నెలలైనా పీరియడ్ రాకపోతే మాత్రం గర్భం కాదని చూసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. గర్భాశయం లోపలి పొర మందమై, ఏళ్లు గడిస్తే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. దానికి హార్మోన్ మాత్రలిస్తే, అవి వాడితే పిల్లలు పుట్టరన్న మాట పట్టించుకోకండి. బీపీ, మైగ్రేన్ ఉంటే ముందే చెప్పండి. పిల్లలు కావాలనుకున్నప్పుడు అండం విడుదలకి లెట్రోజోల్ లాంటి మందులున్నాయి. ఇప్పుడే వద్దనుకునేవాళ్లు, పీసీఓఎస్ ఉంది కదా గర్భం రాదులే అని జాగ్రత్త మానకండి, వస్తుంది.