తక్కువ బడ్జెట్‌లో కొత్త డెస్క్‌టాప్ ఎంచుకోవడం ఎలా? ముందు కొటేషన్ చదవడం నేర్చుకోండి

‘ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, సరికొత్త కంప్యూటర్, పద్నాలుగు వేలే!’ ఇలాంటి ప్రకటన చూసి డబ్బు కట్టబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. అందులో క్యాబినెట్, అంటే బయటి పెట్టె, కొత్తదే, కీబోర్డు కొత్తదే. కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ మాత్రం చాలాసార్లు 2012 నాటిది. పిల్లల చదువు కోసమో చిన్న వ్యాపారం కోసమో కూడబెట్టిన డబ్బు ఇలా పోవడం ప్రతి ఊళ్లో జరుగుతూనే ఉంది. మోసపోకుండా ఉండటానికి ఇంజినీరు కానక్కర్లేదు. నాలుగు నంబర్లు చదవడం తెలిస్తే చాలు.

1. పని, డబ్బు

ఏ పనికి కొంటున్నారో, మొత్తం ఎంత పెట్టగలరో కాగితం మీద రాయండి. ఆ మొత్తంలోనే మానిటర్, యూపీఎస్, విండోస్ లైసెన్సు, 18 శాతం జీఎస్టీ అన్నీ ఇమడాలి. ‘సీపీయూకి (మానిటర్ కాకుండా పెట్టె వరకే) ముప్పై వేలు’ అని లెక్క వేసుకుని వెళ్లినవాళ్లు చివరికి మానిటర్ దగ్గర రాజీపడి, రోజూ ఎనిమిది గంటలు చూసే తెరను అన్నిటికన్నా నాసిరకంగా కొంటారు.

ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు, తెలుగు డీటీపీ, బ్రౌజర్ వరకే అయితే ఐ3 ప్రాసెసర్ చాలు. కోడింగ్ నేర్చుకునే పిల్లలు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరుస్తారు కాబట్టి వాళ్లకు 16 జీబీ ర్యామ్ ఉండాల్సిందే. పెద్ద ఆటలు ఆడాలన్నా, వీడియో ఎడిటింగ్ వృత్తిగా చేయాలన్నా తక్కువ బడ్జెట్ సరిపోదు. ఇంకొన్నాళ్లు ఆగి కొనడమే మంచిది.

2. భాగాలు

ప్రాసెసర్లు చేసే కంపెనీలు రెండు: ఇంటెల్, ఏఎండీ. ఇంటెల్ వైపు ఐ3-12100 లేదా ఐ5-12400, దానికి హెచ్610 బోర్డు (భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు). ఏఎండీ వైపు రైజెన్ 5 5600జీ, దానికి ఏ520 లేదా బీ450 బోర్డు. రెండింటిలోనూ గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మ చూపే భాగం) ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి విడిగా కార్డు అక్కర్లేదు. ‘2 జీబీ గ్రాఫిక్ కార్డు కూడా వేస్తాం’ అంటే అది చాలాసార్లు 2014లో వచ్చిన జీటీ 730. 5600జీ లోపలి గ్రాఫిక్స్ దానికన్నా చురుకైనది. ఆ డబ్బు ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీకి మళ్లించండి.

ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) డీడీఆర్4 రకం తీసుకోండి. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలూ దొరుకుతాయి. ఒకదాని స్టిక్ ఇంకోదాని స్లాట్‌లో పట్టదు. ఒకే 16 జీబీ స్టిక్ కన్నా రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి, రెండు స్టిక్కులతో రెండు దారులు తెరిస్తే దాని వేగం స్పష్టంగా పెరుగుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మరీ ఇబ్బందైతే ఇప్పుడు ఒక 8 జీబీ వేసి, రెండో స్లాట్ ఖాళీగా ఉంచి, తర్వాత అదే మోడల్ ఇంకొకటి వేయండి.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ (బోర్డు మీదే బిగించే వేగమైన రకం). హార్డ్ డిస్క్ మీద విండోస్ వేసే రోజులు పోయాయి, దాని గురించి చర్చే వద్దు. మానిటర్ ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు మారని తెర), 1920×1080, హెచ్‌డీఎంఐ ఉన్నది. పాతకాలపు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉన్నది ఎంత చవకైనా కొనకండి. క్యాబినెట్‌కు ముందు గాలి రంధ్రాలుంటే చాలు. రంగు లైట్లకు పెట్టే రూపాయి వృథా.

3. కొటేషన్ రాయించుకోవడం, చదవడం

అసలు చిక్కు ఇక్కడే. ఈ మెట్టులో తొందరపడితే మిగతావన్నీ సరిగ్గా చేసినా ప్రయోజనం లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క దుకాణానికి వెళ్లినా నోటిమాట మీద బేరం చేయకండి. ప్రతి భాగానికీ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో, ధర ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. మూడు దుకాణాల్లో ఇలాగే అడగండి. రాసివ్వడానికి ఇష్టపడని చోట కొనొద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇప్పుడు చదవడం. ‘ఐ5’ అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ పేరుతో పదిహేనేళ్లకు పైగా ప్రాసెసర్లు వస్తున్నాయి. అది ఏ తరానిదో, అంటే ఏ కాలపుదో, తెలిసేది దాని పక్కనున్న అంకెల్లోనే. ఐ5-3470లో నాలుగు అంకెలున్నాయి, మొదటిది 3, అంటే మూడో తరం. ఐ5-12400లో అయిదు అంకెలున్నాయి, మొదటి రెండూ 12, అంటే పన్నెండో తరం. ‘ఐ5 పెద్దది, ఐ3 చిన్నది’ అనే లెక్క ఒకే తరంలో మాత్రమే చెల్లుతుంది. ఐ3-12100 ముందు ఐ5-3470 ఏ పరీక్షలోనూ నిలవదు. బరువైన పనుల్లో దాని వేగంలో సగం కూడా అందుకోలేదు.

ప్రాసెసర్ నంబరు దాచినా బోర్డు పేరు నిజం చెప్పేస్తుంది. హెచ్61 అంటే రెండు, మూడు తరాలు. హెచ్81 నాలుగో తరం. హెచ్110 ఆరు, ఏడు. హెచ్310 ఎనిమిది, తొమ్మిది. హెచ్510 పది, పదకొండు. హెచ్610 పన్నెండు నుంచి పద్నాలుగు వరకు. హెచ్61కీ హెచ్610కీ రాతలో తేడా ఒక్క సున్నా, కాలంలో తేడా పదకొండేళ్లు: మొదటిది 2011లో వచ్చింది, రెండోది 2022లో. చేతిరాత కొటేషన్‌లో ఆ సున్నా ఉందో లేదో వేలు పెట్టి చూడండి. అనుమానం తీరకపోతే ర్యామ్ వరుస చూడండి. అక్కడ డీడీఆర్3 అని ఉంటే ఇక అనుమానించాల్సిన పని లేదు, అది పాత సరుకే.

‘బోర్డు కొత్తదే సార్, సీల్ చూడండి’ అంటారు. ఆ మాటా నిజమే కావచ్చు. పాత చిప్‌సెట్లు (బోర్డు మీది ముఖ్యమైన చిప్‌లు) తీసి కొత్త బోర్డుల మీద అతికించి, పేరూ ఊరూ లేకుండా అమ్మే హెచ్61 బోర్డులు మార్కెట్లో కోకొల్లలు. వాటిలో కొన్నిటికి ఎన్‌వీఎంఈ స్లాట్ కూడా పెట్టారు, చూడటానికి ఈ కాలపు బోర్డులాగే ఉంటాయి. సీల్ కొత్తదైనంత మాత్రాన లోపలి తరం మారదు.

తరం గురించి ఇంత పట్టుబట్టడం వేగం కోసమే కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000 సిరీస్ నుంచి పైవి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అంతకన్నా పాతవాటిలో దొడ్డిదారిన ఎక్కించి ఇస్తారు. ముందుముందు అప్‌డేట్లు సక్రమంగా వస్తాయన్న హామీ ఉండదు. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌కు అది తగదు.

నంబరు చివరి అక్షరం కూడా వదలకండి. ఇంటెల్‌లో ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ3-12100ఎఫ్ కాస్త తక్కువని తెచ్చుకుంటే, గ్రాఫిక్ కార్డు కొనేదాకా తెర మీద బొమ్మే రాదు. ఏఎండీ 5000 సిరీస్‌లో లెక్క తిరగబడుతుంది: ‘జీ’ ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 5600జీకి బదులు 5500 వేస్తానంటే ఒప్పుకోకండి.

ప్రాసెసర్ పక్కన ‘బాక్స్’ అని రాయించండి. ట్రే ప్రాసెసర్ (కంపెనీ పెట్టె లేకుండా విడిగా అమ్మేది) అయితే దాన్ని చల్లబరిచే కూలర్ రాదు, కంపెనీ నేరుగా ఇచ్చే మూడేళ్ల వారంటీ రాదు. దుకాణం వాళ్ల మాటే వారంటీ. ‘450 వాట్ ఎస్‌ఎంపీఎస్’ (భాగాలకు కరెంటు అందించే డబ్బా), ‘512 ఎస్‌ఎస్‌డీ’, ‘22 అంగుళాల ఎల్‌ఈడీ’ అని పేరు లేకుండా రాసిన వరుస ఏదైనా సరే, అక్కడ అన్నిటికన్నా చవకది వేస్తారనే అనుకోండి.

చివరి ప్రమాదం తీసుకునే రోజు వస్తుంది. ‘ఆ మోడల్ స్టాక్ లేదు, దానికి సమానమైందే వేశాం’ అంటారు. సమానమో కాదో తేల్చేది మీరు. కొత్త మోడల్ నంబరుతో కొటేషన్ మళ్లీ రాయించుకుని, ఇంటికి వెళ్లి పోల్చి చూసుకున్నాకే అవునో కాదో చెప్పండి. ఒక రోజు ఆలస్యమైతే నష్టం లేదు.

4. ఎస్‌ఎంపీఎస్

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ వాడకండి. గ్రాఫిక్ కార్డు లేని ఈ కంప్యూటర్ మొత్తం 150 వాట్లు కూడా తీసుకోదు కాబట్టి ఇక్కడ వాట్లు తక్కువవడం సమస్య కాదు. కరెంటు ఎగుడుదిగుడులకు చవక ఎస్‌ఎంపీఎస్ తాను పోతూ బోర్డునూ తీసుకుపోతుంది. అసలు భయం అదే. లేబుల్ మీద +12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చూడండి. 12ను దాంతో గుణిస్తే అసలు శక్తి తెలుస్తుంది. పైన 450 అని అచ్చేసి, కింద 16 ఆంపియర్లే ఉంటే అది 192 వాట్ల సరుకు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న 450 వాట్లది తీసుకోండి. డబ్బు చాలకపోతే కీబోర్డు, క్యాబినెట్ తగ్గించుకోండి, దీన్ని తగ్గించకండి.

5. ఇంకా తక్కువ డబ్బే ఉంటే

పాత ప్రాసెసర్ వేసిన ‘కొత్త’ కంప్యూటర్ కన్నా, ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వెయ్యి రెట్లు నయం. ఐ5-8500 ఉన్నది అడగండి, ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాలు), విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. అది పాతదని చెప్పే అమ్ముతారు, ఆ ధరకే ఇస్తారు. చిన్న సైజు మోడళ్లలో మామూలు ఎస్‌ఎంపీఎస్ గానీ, పూర్తి ఎత్తు గ్రాఫిక్ కార్డు గానీ పట్టవని గుర్తుంచుకోండి.

6. దుకాణంలోనే పరీక్ష

కళ్ల ముందే బిగించమనండి. ఆన్ అయ్యాక టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ నడిపితే ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు వాడారో తెలుస్తుంది. కొత్తదైతే రెండు మూడు గంటలు దాటకూడదు, వందల్లో ఉంటే వెనక్కివ్వండి. ప్రాసెసర్‌కు పూర్తి పని చెప్పి పరీక్షించే సినీబెంచ్‌ను అరగంట నడిపి మధ్యలో ఆగిపోతుందేమో చూడండి.

విండోస్ దొంగ కాపీ వేయించుకోకండి. దాన్ని యాక్టివేట్ చేసే సాఫ్ట్‌వేర్‌తోనే వైరస్‌లు వస్తాయి. లైసెన్సుకు డబ్బు లేకపోతే, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ ఉచితం, చదువుకీ ఆఫీసు పనికీ సరిపోతుంది. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచీ లోపలే ఉంది, దానికోసం వేరే డబ్బు ఇవ్వక్కర్లేదు.

జీఎస్టీ బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు ఉండాలి. పెట్టెలన్నీ తెచ్చుకుని వారంటీ అయ్యేదాకా అటక మీద పెట్టండి. ఇంటికొచ్చాక ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కు యూపీఎస్ తగిలించి, దానికి కంప్యూటర్, మానిటర్ మాత్రమే కలపండి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు అంతకు మించి లాగుతుంది కాబట్టి దాన్ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి.