కారు ఇన్సూరెన్స్‌కి ముందే క్రెడిట్ హిస్టరీ మొదలుపెట్టండి

డాలస్‌లో నేను మొదటి కారు కొన్నప్పుడు, అదే మోడల్ ఉన్న మా టీమ్ అతని కంటే నాకు ఇన్సూరెన్స్ చాలా ఎక్కువ చెప్పారు. ఏజెంట్‌ని అడిగితే, ఇక్కడి లైసెన్స్ కొత్తది, పైగా క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు, కార్డు బిల్లులు ఎలా కట్టారన్న రికార్డు, లేదన్నాడు. మొదటిది అర్థమైంది. రెండోది అర్థం కావడానికి ఏడాది పట్టింది. అప్పటిదాకా అడిగినంతా కట్టాను. మీకు అలా జరగకూడదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ రికార్డు ఉండే మీ క్రెడిట్ రిపోర్టు నుంచి ఇన్సూరెన్స్ స్కోర్ అని విడిగా ఒకటి తీస్తాయి. బ్యాంకు యాప్‌లో కనిపించే స్కోరు ఇది కాదు. అప్పు తీరుస్తారా అన్నది బ్యాంకు లెక్క, క్లెయిమ్ పెట్టే అవకాశమెంత అన్నది వీళ్ల లెక్క. జీతం ఇందులోకి రాదు. బిల్లులు టైముకి కట్టారా, కార్డు లిమిట్‌లో ఎంత వాడారు, ఖాతాలు ఎంత పాతవి అన్నవి వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో ఇది న్యాయం కాదనే నా అభిప్రాయం. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి కారు ఇన్సూరెన్స్‌కి క్రెడిట్ చూడనివ్వవు. టెక్సస్, న్యూజెర్సీల్లో చూస్తారు. కాబట్టి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న ఫ్రెండ్ రేటుతో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీ రేటు పోల్చుకోకండి.

ఇండియాలో సిబిల్ స్కోరు ఎంత బాగున్నా ఇక్కడి రిపోర్టులో కనిపించదు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాగానే, కారు కోసం ఆగకుండా, కొంత డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకోండి. సరుకులు, కారు గ్యాస్ (పెట్రోలు) దానిమీద కొని, బిల్లు మొత్తం ఆటోపేలో పెట్టేయండి. వడ్డీ పడదు. ఇక్కడ బ్యాంకులు ఎక్కువగా చూసే ఫైకో (FICO) క్రెడిట్ స్కోరు రావాలంటే కనీసం ఆరు నెలలు పడుతుంది. డెబిట్ కార్డు ఎంత వాడినా లెక్కలోకి రాదు. అన్నయ్యో వదినో తమ పాత కార్డులో మిమ్మల్ని ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే వాళ్ల ఖాతా మీద కార్డు వాడుకునే వ్యక్తిగా, చేర్చగలిగితే మంచిదే, కానీ వాళ్లు బిల్లు ఆలస్యం చేస్తే ఆ మచ్చ మీకూ పడవచ్చు.

మన ఇంటిపేర్లతో ఒక చిక్కుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక రాస్తే రిపోర్టు రెండుగా చీలిపోవచ్చు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయండి.

కోట్ (ప్రీమియం ఎంతవుతుందో చెప్పే అంచనా) అడిగితే స్కోరు పడిపోతుందని టెన్షన్ పడకండి. ఇన్సూరెన్స్ కోట్‌కి స్కోరు తగ్గదు, కారు లోన్ అప్లికేషన్‌ సంగతి వేరు. నాలుగైదు చోట్ల అడగండి. చాలా పాలసీలు ఆరు నెలలకే రెన్యూ అవుతాయి. అప్పుడు ఫోన్ చేసి, క్రెడిట్ మళ్లీ చూడమని మీరే అడగండి. నేను అడిగాకే నా రేటు తగ్గింది.

క్రెడిట్ వల్ల రేటు పెంచితే ఆ సంగతి మీకు తెలియజేయాలని ఫెడరల్ చట్టం ఉంది. ఆ ఉత్తరం పారేయకండి. అది వచ్చిన 60 రోజుల్లోపు రిపోర్టు ఉచితంగా తెప్పించుకుని, తప్పులుంటే సరిచేయించుకోవచ్చు.

ఖర్చు తగ్గించుకోవాలని లయబిలిటీ (మీ తప్పువల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవరేజి) మాత్రం కనీసానికి దించకండి. టెక్సస్‌లో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి కనీస కవరేజి 25,000 డాలర్లే. మీ తప్పువల్ల ఒక కొత్త ట్రక్కు నుజ్జయితే అది చాలదు, మిగతాది మీరే కట్టుకోవాలి. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందుగా మీ జేబులోంచి కట్టే వాటా) కొంచెం పెంచుకోండి, అది నయం.