మిగిలిపోయిన టమాటాల తొక్క నుంచి లైకోపీన్ నూనె తీసే విధానం

మదనపల్లె మండీలో ధర పడిపోయిన రోజుల్లో కోత కూలీ కూడా గిట్టక, రైతులు బాక్సులకొద్దీ టమాటాలను రోడ్డు పక్కన పారబోసి వెళ్లడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ మంచి యాంటీ ఆక్సిడెంట్. అది గుజ్జులో కంటే తొక్కలో చాలా ఎక్కువ సాంద్రతతో ఉంటుంది. నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. పరిశ్రమల్లో దీనిని హెక్సేన్, ఇథైల్ అసిటేట్ వంటి ద్రావకాలతో తీస్తారు. అవి సులభంగా మంటలంటుకునేవి కనుక ఇళ్లలో వాటి జోలికి పోకూడదు. మనకు వంటనూనె చాలు.

బాగా ఎర్రగా పండిన కాయలనే ఎంచుకోవాలి. బూజు పట్టిన కాయను, ఆ భాగం కోసేసి అయినా సరే, వాడకూడదు. కడిగిన పండ్లను మరిగే నీటిలో ఒక నిమిషం ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేస్తే తొక్క సులువుగా ఊడివస్తుంది. గుజ్జును పచ్చడికో, ప్యూరీకో వాడుకోవచ్చు.

మొత్తం పనిలో అత్యంత కీలకమైనది ఆరబెట్టడం. నేరుగా ఎండ తగిలితే లైకోపీన్ నశిస్తుంది కనుక తొక్కను గాలి ఆడే నీడలో గాని, 50–60 డిగ్రీల డ్రయ్యర్‌లో గాని పలుచగా పరచి ఆరనివ్వాలి. వేళ్ల మధ్య నలిపితే వంగకుండా పెళుసుగా విరగాలి. అప్పటికీ అనుమానముంటే, గుప్పెడు తొక్కను పొడి గాజు సీసాలో వేసి మూత బిగించి రాత్రంతా ఉంచాలి. తెల్లవారి సీసా లోపలి గోడకు చెమ్మ కనిపిస్తే తొక్క ఇంకా ఆరలేదని అర్థం. తడి మిగిలిన తొక్క నూనెలో పడితే, గాలి చొరని ఆ చోట బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని కలిగించే సూక్ష్మజీవులు పెరిగే అవకాశముంది. అందుకే ఈ దశలో తొందర పనికిరాదు.

ఆరిన తొక్కను మెత్తగా పొడి చేసి, 100 గ్రాముల పొడికి లీటరు రిఫైన్డ్ వేరుశనగ నూనె చొప్పున స్టీలు గిన్నెలో కలపాలి. ఇనుము, రాగి పాత్రలు నూనె ముక్కిపోవడాన్ని వేగవంతం చేస్తాయి కనుక అవి వద్దు. ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో నిలిపి, నూనె 60–70 డిగ్రీలు దాటకుండా గంటసేపు కలుపుతూ ఉండాలి. మొదట లేత బంగారు రంగులో ఉన్న నూనె క్రమంగా నారింజకు, ఆపై ఎరుపుకు తిరుగుతుంది. చల్లారాక పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. పిప్పి ఇంకా ఎర్రగానే ఉంటే కొత్త నూనెతో మరోసారి తీయవచ్చు.

ఎంత వస్తుందన్నది ముందే తెలుసుకోవడం మంచిది. 100 గ్రాముల వండని పండు టమాటాలో సుమారు 3–5 మిల్లీగ్రాముల లైకోపీన్ ఉంటుంది. అంటే 100 కిలోల పండ్లలో మొత్తం 3–5 గ్రాములే, అందులోనూ కొంత గుజ్జులోనే ఉండిపోతుంది. కనుక ఈ నూనెను మందుగా చెప్పి ఎవరికీ అమ్మకూడదు. రంగు, రుచి ఉన్న వంటనూనెగానే చూడాలి. అమ్మదలచిన సంఘాలు దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు తీసుకోవాలి.

నూనెను ముదురు రంగు సీసాల్లో మూతి వరకు నింపి, ఫ్రిజ్‌లో ఉంచి, నెలలోపు వాడుకోవాలి. ఎరుపు వెలిసి పసుపు పచ్చగా మారినా, ముక్కిన వాసన వచ్చినా ఆ సీసాను పారబోయాలి.